ఫిరంగాయన కొలువు

ఆయన నోరు విప్పితే వీధంతా వినాల్సిందే. ఇరవై రెండేళ్ళు ఫిరంగి పక్కన నిలబడ్డ మనిషికి చెవులేం మిగులుతాయి? ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి పిలిస్తే పలకదు, అరిస్తే పలుకుతుంది. తనకి వినపడనిది ఎదుటివాళ్ళకీ వినపడదేమోనని ఆయన బెంగ. పొద్దున్నే "ఏమేవ్, నా బెల్టు ఎక్కడ పెట్టావ్?" అని పెళ్ళాన్ని అడిగితే, మూడిళ్ళ అవతలినుంచి కుట్టుపనివాడు "తలుపు వెనక మేకుకి చూడు మామా!" అని జవాబు చెప్పేవాడు. ఆ మొగుడూ పెళ్ళాలకి గుట్టన్నది లేకుండా పోయింది. దెబ్బలాడుకోవాలన్నా సైగలతోనే దెబ్బలాడుకోవాల్సి వచ్చేది.

అందరూ ఆయన్ని ఫిరంగాయన అనేవాళ్ళు. కుంపిణీవారి ఫిరంగిదళంలో పంతొమ్మిదో ఏట చేరాడు. మొదటి పదేళ్ళూ ఆయన పనల్లా బొటనవేలితోనే. ఫిరంగి వెనకభాగాన నిప్పు ముట్టించడానికి చిన్న రంధ్రం ఉంటుంది. ఒకసారి పేల్చాక ముందున్న మనిషి తడికుంచెతో గొట్టం లోపలంతా తుడిచి, మళ్ళీ మందు దట్టిస్తాడు. అంతసేపూ వెనకున్నవాడు ఆ రంధ్రాన్ని బొటనవేలితో నొక్కిపెట్టాలి. వేలు సడలి గాలి దూరిందంటే లోపల మిగిలిన నిప్పురవ్వ రాజుకుంటుంది, దట్టించేవాడి రెండు చేతులూ ఎగిరిపోతాయి. ఇనుము కాలుతుంటే తోలు తొడుగు ఏపాటి? ఆయన బొటనవేలు నల్లగా, మొద్దుగా, కాల్చిన కట్టెముక్కలా ఉండేది.

"ఈ వేలిమీద ఇద్దరి ప్రాణాలుంటాయి తెలుసా?" అని పెళ్ళాం ముందు గొప్పలు పోయేవాడు.

"నా ప్రాణం మీదికి తెచ్చేదీ ఆ వేలే. అన్నంలో ఉప్పు తక్కువైతే నా మీదికి చూపించేది దాన్నేగా" అనేది ఆవిడ.

తర్వాతి పన్నెండేళ్ళూ గురి చూసే పని ఇచ్చారు. కంటితో దూరం చూసి ఇన్ని అడుగులని చెప్తే, తాడు పట్టి కొలిచినా అంతే ఉండేది. పిల్లలు లేరు. పొద్దు కుంకేదాకా ఫిరంగిని తుడుచుకుంటూ కూర్చుంటే, ఆవిడ దాన్ని "నా సవతి" అనేది. "ఇవాళ నా సవతికి ఒళ్ళు తోమడం అయిందా, లేక ఇంకా ముచ్చట్లున్నాయా?" అని అడిగేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

దళానికి పెద్ద ఒక ముసలి కెప్టెను దొర. పద్దెనిమిదేళ్ళుగా వీళ్ళతోనే ఉన్నాడు. భాష నేర్చుకున్నాడు గానీ ఆడా మగా తేడా మాత్రం ఒంటబట్టలేదు. ఫిరంగిని "వాడు" అనేవాడు, తన భార్యని "ఆయన" అనేవాడు. "మా ఇంట్లో ఆయన కోపంగా ఉంది" అంటే సిపాయిలు మూతులు బిగపట్టుకునేవాళ్ళు. ఒక ఏడు ఫిరంగాయనకి జ్వరం తగిలి మంచం దిగలేకపోతే ఆ దొర వాళ్ళ ఇంటికే వచ్చి, బోర్లించిన బుట్టమీద కూర్చుని, "నువ్వు చస్తే వాడికి గురి ఎవరు చూస్తుంది?" అని కోప్పడి వెళ్ళాడు. ఆ మాట ఫిరంగాయన ఎన్నేళ్ళైనా చెప్పుకున్నాడు.

ఆయనకో తమ్ముడు. పన్నెండేళ్ళు చిన్నవాడు. తల్లి పోతే వదినే పెంచింది. వాడికి చేతిలో వడ్రంగం ఉండేది. ముట్టుకున్న కర్రల్లా పీటో పెట్టో అయ్యేది. పట్టణంలో పేరున్న వడ్రంగి ఒకడు నా దగ్గర పెట్టుకుంటానని అడిగాడు కూడా. ఫిరంగాయన ససేమిరా అన్నాడు. "కుంపిణీ కొలువంటే చచ్చేదాకా ఢోకా లేదురా" అని, చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి, తన పేరు చెప్పి, సిపాయిల పటాలంలో చేర్పించాడు. వాడి పటాలం రెండు రోజుల నడక దూరంలో ఉన్న పాతకోట ఊళ్ళో ఉండేది. పెళ్ళయ్యాక వాడి భార్య ఈ ఇంట్లోనే ఉండిపోయింది. సన్నగా, చురుగ్గా ఉండే పిల్ల. బావగారి చెవికి అలవాటుపడి, మెల్లిగా మాట్లాడే ఆ పిల్లే ఏడాది తిరక్కుండా కేకలు నేర్చుకుంది.

ఆఖరుసారి సెలవుమీద వచ్చినప్పుడు తమ్ముడు ముభావంగా ఉన్నాడు. అరుగుమీద కూర్చుని అన్న కుడిచెవి దగ్గరికి జరిగి చెప్పాడు.

"అన్నయ్యా, మా దగ్గర ఏమీ బాగాలేదు. ముందు దొరలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు. ఇప్పుడొచ్చే కుర్రదొరలు అరవడమే. మాకెవరికీ ఇష్టంలేని పనులు చేయిస్తున్నారు, వద్దంటే సంకెళ్ళు వేస్తున్నారు."

"అరిస్తే మంచిదేగా, నాలాంటివాడికి వినపడుతుంది" అన్నాడు ఫిరంగాయన.

తమ్ముడు నవ్వలేదు. "నీ దొర మంచివాడు కాబట్టి నీకు లోకమంతా అలాగే కనిపిస్తోంది" అన్నాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోయాడు. వదినకోసం చేసిన చిన్న చెక్కపెట్టెకి మూత ఇంకా బిగించలేదు, వచ్చేసారి బిగిస్తానన్నాడు.

రెండు నెలలు తిరక్కుండా కబురొచ్చింది. అక్కడెక్కడో సిపాయిలు తిరగబడ్డారట, దొరల్ని చంపారట, ఒక ఊరు తర్వాత ఒక ఊరు లేస్తోందట. వారానికల్లా పాతకోట పటాలం కూడా లేచింది. దొరలు కొందరు పారిపోయారు, కొందరు చచ్చిపోయారు, సిపాయిలు కోట తలుపులు మూసుకుని లోపల కూర్చున్నారు.

ముసలి దొర తన ఫిరంగివాళ్ళందర్నీ మైదానంలో నిలబెట్టాడు. రాత్రంతా నిద్రలేనట్టు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "పోయేవాడు ఇప్పుడే పొండి. వెనకనుంచి కాల్చను. ఉండేవాడు ఉండండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఫిరంగాయన ముందుకొచ్చి, "తమరి ఉప్పు తిన్నాం దొరగారూ" అని అరిచాడు. చెవుడు వల్ల అంత గట్టిగా వచ్చింది గానీ, మైదానమంతా అది వీరుడి కేకలా వినిపించింది. మిగతావాళ్ళూ అందుకున్నారు. దొర కళ్ళు తుడుచుకున్నాడు.

కోటకి బయల్దేరినప్పుడు మాత్రం ఒక వింత జరిగింది. వీళ్ళ ఫిరంగుల వెనకే, ముప్ఫై అడుగుల దూరంలో, తెల్లసోల్జర్ల వరస ఒకటి నడిచింది. తుపాకులు దట్టించి ఉన్నాయి. దట్టింపు పని చేసే పొడుగాయన అది చూసి ఫిరంగాయన చెవిలో అరిచాడు. "వాళ్ళ తుపాకులు కోట వైపు లేవు మామా, మన వీపుల వైపున్నాయి."

ఫిరంగాయన వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత దొర వైపు చూశాడు. దొర మొహం పక్కకి తిప్పుకున్నాడు.

కోట గుమ్మం ఎనిమిది వందల అడుగుల దూరంలో ఉంది. మూడు రోజులు కొట్టారు. ఆ తలుపుల వెనక తమ్ముడున్నాడని ఆయనకి తెలుసు. గురి కాస్త పైకెత్తితే గుండు కోట దాటి ఖాళీ పొలంలో పడుతుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు, పక్కనున్న పొడుగాయనకీ తెలుసు. కానీ ఆ చెయ్యి ఎప్పుడూ తప్పు గురి పెట్టి ఎరగదు. వెనక తుపాకులున్నాయని భయపడ్డాడా, ఇచ్చిన మాటకి కట్టుబడ్డాడా, లేక చేతికి ఆ పని తప్ప ఇంకోటి రాదా? మూడో రోజు మధ్యాహ్నం గుమ్మం ఎడమ తలుపు విరిగి లోపలికి పడిపోయింది.

ఆ సాయంత్రం శవాల మధ్య తిరిగాడు. ఒక్కొక్కణ్ణీ వెల్లకిలా తిప్పి మొహం చూశాడు. తమ్ముడు లేడు. తప్పించుకున్నాడనుకుని ఆ రోజు కాస్త అన్నం తిన్నాడు.

తప్పించుకోలేదు. నెలన్నర తర్వాత అడవిలో పట్టుకుని, ఇంకో పదకొండుమందితో కలిపి తాడు కట్టి తీసుకొచ్చారు. ముగ్గురు దొరలు ఒక టేబులు దగ్గర కూర్చుని, ఒకే పూటలో పన్నెండుమందికీ ఉరి అని తేల్చేశారు. ఫిరంగాయన పరిగెత్తుకుంటూ వెళ్ళి ముసలి దొర కాళ్ళమీద పడ్డాడు.

"వాడు ఎవర్నీ చంపలేదు దొరగారూ. వాడి చేతికి సుత్తీ ఉలీ తప్ప ఏదీ నప్పదు. నేనే బలవంతాన తీసుకొచ్చి చేర్పించాను. వాడి బదులు నన్ను ఉరి తియ్యండి."

"ఇప్పుడు నా మాట ఎవరూ వినదు" అన్నాడు దొర. "నేను అడిగాను. రెండుసార్లు అడిగాను. నువ్వు ముసలివాడివి, నీకు వాళ్ళమీద ప్రేమ ఎక్కువ అన్నారు." ఫిరంగాయనని లేవదీసి, "నీకు కలుసుకునే సెలవు మాత్రం తెచ్చాను" అన్నాడు.

ఖైదీల్ని గడ్డి కొట్టంలో పెట్టారు. మధ్యాహ్నపు వేడికి లోపల ఉక్కగా ఉంది. తమ్ముడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. కావలివాడు గుమ్మంలోనే నిలబడ్డాడు. అన్నకి వినపడాలంటే వీడు అరవాలి, అరిస్తే కావలివాడు వింటాడు. తమ్ముడు లేచి వచ్చి, చిన్నప్పుడు చేసినట్టే అన్న కుడిచెవికి రెండు అరచేతులూ దొప్పలా ఆనించి మాట్లాడాడు.

"ఆ తలుపు పడగొట్టింది నీ ఫిరంగేనా?"

"అవునురా."

"అనుకున్నాను. అన్ని గుండ్లూ ఒకే చోట తగులుతున్నాయి. మావాళ్ళతో అన్నాను కూడా, అది మా అన్నయ్యే అయ్యుంటాడు, ఇంక తలుపు నిలబడదు అని."

ఫిరంగాయన కూలబడిపోయాడు. తమ్ముడు పక్కన కూర్చుని వీపు రాశాడు. ఎవరు ఎవర్ని ఓదార్చాలో తెలీని కొట్టం అది.

"నువ్వు ఎవర్నైనా..." అని అడగబోయాడు అన్న.

"లేదు. నా తుపాకీ పేలనే లేదు. కానీ పోలేకపోయాను అన్నయ్యా. అందరూ ఉన్నారు, నేనొక్కణ్ణీ ఎలా పోను? నువ్వూ అంతేగా, నీ వాళ్ళు అక్కడున్నారని అక్కడ నిలబడ్డావు." తర్వాత గొంతు మారింది. "అది చిన్నపిల్ల. దాన్ని పుట్టింటికి పంపకు, అక్కడ సవతితల్లి ఉంది. నీ దగ్గరే ఉంచుకో."

ఉరితీసిన పొద్దున తిరగబడని సిపాయిలందర్నీ మైదానంలో వరసగా నిలబెట్టి చూపించారు. వాళ్ళు కదలకుండా ఉండటానికి ఎదురుగా ఫిరంగులు పెట్టి, మందు దట్టించారు. ఒక ఫిరంగి దగ్గర ఫిరంగాయన నిలబడ్డాడు. ఉరికొయ్యలు ఆయన వీపు వెనక ఉన్నాయి. వెనక్కి తిరిగే వీల్లేదు. ఏ చప్పుడూ వినపడదు. ఎదురుగా ఉన్న సిపాయిల మొహాలే చూస్తూ నిలబడ్డాడు. మూడు వందలమంది ఒక్కసారిగా కళ్ళు దించుకున్నారు. అప్పుడు తెలిసింది ఆయనకి, అయిపోయిందని.

మరదలు ఏడవలేదు. తలుపు వేసుకుని లోపల కూర్చుంది. నాలుగోరోజు లేచి ఇంటిపనిలో పడింది. పళ్ళెం పెట్టేది, నీళ్ళు పెట్టేది. ఫిరంగాయనకి ఒక సంగతి అర్థం కావడానికి మూడు వారాలు పట్టింది. మరదలు తనతో మాట్లాడటం మానేసిందని. వినపడని మనిషికి మౌనం ఆనవాలు పట్టడం కష్టం. ఆ పిల్ల పెదాలు కదలటం లేదని ఒక రోజు భోజనం దగ్గర గమనించి, చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా పెళ్ళాం వైపు చూశాడు. ఆవిడ తల దించుకుంది.

ఆ ఏడు చివర్లో మళ్ళీ మైదానంలో అందర్నీ నిలబెట్టారు. ఈసారి బట్టలు కప్పిన వేదిక, బ్యాండు, కొత్త జెండా. ఒక దొర చదివాడు, ఇంకొకాయన భాషలోకి మార్చి చదివాడు. ఫిరంగాయనకి ఒక్క ముక్కా వినపడక పొడుగాయన చొక్కా లాగాడు.

"ఏమంటున్నారు?"

"ఇంక కుంపిణీ లేదట మామా!" అని పొడుగాయన చెవిలో అరిచాడు. "సముద్రం అవతలున్న రాణీగారే స్వయంగా మనల్ని ఏలుకుంటుందట. అందరూ ఆవిడ బిడ్డలేనట. ఎవరి నమ్మకాల జోలికీ రారట. దొరల్ని చంపినవాళ్ళూ, చంపినవాళ్ళని దాచినవాళ్ళూ, నాయకత్వం వహించినవాళ్ళూ తప్ప మిగతా అందరికీ క్షమాభిక్ష అట. ఆయుధం దించి ఇంటికి పోతే చాలట."

"అందరికీనా?"

"అందరికీ."

"ఎప్పట్నించి?"

పొడుగాయనకి ఆ ప్రశ్న అర్థమైంది. అప్పటికి తమ్ముణ్ణి ఉరితీసి ఎనిమిది నెలలు. ఇంతలో వందనం పేల్చమని సైగ అందింది. ఇరవై ఒక్కసార్లు. రాణీగారి క్షమాభిక్షకి వందనం పేల్చినవాళ్ళలో ఫిరంగాయనా ఉన్నాడు. ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు.

కొత్త ఏడాదిలో ముసలి దొర తన దేశం వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఒక కాగితం రాసిచ్చాడు. ఇతను నమ్మకస్తుడు, ఇతని చూపు తప్పు ఎరగదు అని అందులో ఉందట. "ఈ రాణీ సైన్యంలో నాలాంటివాడికి పని లేదు" అన్నాడు. ఏదో ఇంకా చెప్పబోయి, భాష చాలక, ఫిరంగాయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపి వదిలేశాడు.

తర్వాత వచ్చిన దొరకి భాష రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. అతని వెంట ముప్ఫైమంది తెల్లసోల్జర్లు ఓడ దిగి నేరుగా వచ్చారు. ఇకమీదట ఫిరంగి ముట్టుకునేవాడు తెల్లవాడే అయ్యుండాలని పైనుంచి ఉత్తర్వు. మీరు వీళ్ళకి పని నేర్పండి, నేర్పాక మీకు వేరే పనులిస్తాం అని చెప్పారు.

"మేం తిరగబడలేదు కదయ్యా" అన్నాడు పొడుగాయన దుబాసీతో.

దుబాసీ దొరని అడిగి వచ్చి చెప్పాడు. "మీమీద అనుమానం కాదట. నియమమట."

ఫిరంగాయన మనసు పెట్టి నేర్పాడు. ఆయనకి చేతకానిదల్లా సగం నేర్పడం. రంధ్రం మీద వేలు పెట్టే పనికి ఒక ఎర్రమొహం కుర్ర సోల్జరుని ఇచ్చారు. పదో గుండు పేలాక ఇనుము బాగా కాలింది. ముందు ఇంకొకడు మందు దట్టిస్తున్నాడు. ఈ కుర్రాడు "హబ్బా" అన్నట్టు మొహం పెట్టి వేలు ఎత్తబోయాడు. చెప్పే వ్యవధి లేదు. ఫిరంగాయన ఒక్క ఉరుకు ఉరికి, ఆ వేలిమీద తన వేలు వేసి బలంగా నొక్కి పట్టాడు. కుర్రాడు కెవ్వుమన్నాడు. దట్టింపు అయ్యేదాకా వదల్లేదు. ముందున్నవాడి చేతులు దక్కాయి.

కొత్త దొర గుర్రం దిగి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. ఏదేదో అరిచాడు. ఫిరంగాయన ఎవరి మొహం చూసినా అర్థం కాక, దుబాసీ వైపు తిరిగాడు.

"తెల్లసోల్జరు మీద చెయ్యి వేస్తావా అంటున్నారు" అరిచాడు దుబాసీ ఆయన చెవిలో. "ఇంక ఈ గీత దాటి ఫిరంగి దగ్గరికి రావద్దంటున్నారు."

బూటు అంచుతో దొర మట్టిలో గీత గీశాడు. ఫిరంగాయన ఆ గీతకి ఇవతలికి వచ్చి నిలబడ్డాడు. ఆ రోజునుంచి ఆయన పని ఫిరంగుల్ని లాగే ఎడ్లకి మేత వెయ్యడం, వాటిని తోలడం.

ఇంటికొచ్చి పెళ్ళానికి చెప్పాడు. సవతి పోయిందని వేళాకోళం చెయ్యడానికి ఆవిడకి నోరు రాలేదు. వేడినీళ్ళు తెచ్చి, మొద్దుబారిన ఆ నల్లటి బొటనవేలిని కడిగింది.

మరుసటి ఏడు సిపాయిల ఇళ్ళన్నీ కూలగొట్టారు. తెల్లవాళ్ళ బారకాసులకి అంత దగ్గరలో ఉండకూడదట. వాగు అవతల కొత్త వీధులు కొలిచి, ఒకే రకం గదులు కట్టి, అక్కడికి పొమ్మన్నారు. మధ్యలో చెట్లు కూడా కొట్టేశారు. ఆ కొత్త ఇళ్ళ దగ్గరినుంచి చూస్తే వాగుకి ఆవలి గట్టున దిబ్బ, దానిమీద వరసగా ఫిరంగులు, ఏ అడ్డూ లేకుండా కనిపించేవి.

ఒక సాయంత్రం ఫిరంగాయన కొత్త ఇంటి ముందు నిలబడి అటే చూస్తున్నాడు. కన్ను చికిలించి, తల కాస్త వంచి, పాత అలవాటుకొద్దీ దూరం కొలుస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. మరదలు నీళ్ళబిందెతో వస్తూ అది చూసింది. బిందె దించింది. రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఆయన కుడిచెవి దగ్గరికి వచ్చి నిలబడింది.

"బావగారూ, ఆ ఫిరంగి ఎటు చూస్తోంది?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. 

"మీకు తెలీకుండా ఉండదు. చెప్పండి."

"మన వైపేనమ్మా. ఈ వీధికి మధ్యన, బావి దగ్గరికి."

"అంతదూరం వస్తుందా?"

"బావి దాటి వస్తుంది."

ఆ పిల్ల బావి వైపు చూసింది. నలుగురు ఆడవాళ్ళు నీళ్ళు తోడుకుంటున్నారు. "ఆయన లోపలున్నారని మీకు తెలుసు కదా, ఆ రోజు" అంది.

"తెలుసు."

"తెలిసే కొట్టారా?"

"తెలిసే కొట్టానమ్మా."

అబద్ధం చెప్తాడేమోనని చూసినట్టుంది ఆమె. చెప్పకపోయేసరికి ఏం చెయ్యాలో తెలియనట్టు అలాగే నిలబడిపోయింది. తర్వాత ఆ రెండేళ్ళ ఏడుపూ ఒక్కసారే వచ్చింది. ఫిరంగాయన ఆమె దగ్గరికి వెళ్ళే ధైర్యం లేక, దూరంగానూ ఉండలేక, నేలమీద చతికిలబడి తానూ ఏడ్చాడు. ఆయన ఏడుపు కూడా గట్టిదే. బావి దగ్గరి ఆడవాళ్ళు చేదలు వదిలేసి పరిగెత్తుకొచ్చారు.

క్షమించానని ఆమె ఎప్పుడూ అనలేదు. ఆయనా అడగలేదు. కానీ ఆ రోజునుంచి మాటలు మొదలయ్యాయి. అన్నానికి రమ్మని అరిచేది, స్నానానికి నీళ్ళు కాగాయని అరిచేది. ఒక నెల తర్వాత, "ఇక్కడ బావికి వెళ్ళినప్పుడల్లా నా వీపు జలదరిస్తోంది, ఎక్కడికైనా పోదాం బావగారూ" అంది. ఎడ్ల పని వదిలేశాడు. ముగ్గురూ కలిసి నాలుగు రోజుల ప్రయాణం చేసి ఒక రేవు పట్టణం చేరారు. అక్కడ ఆయన పడవల తాళ్ళు లాగే పనిలో కుదిరాడు. మరదలు కుట్టుపని నేర్చుకుంది. ఒక్కోసారి రేవులో ఓడ వచ్చినప్పుడు వందనం పేల్చేవాళ్ళు. ఆయన తలెత్తకుండా తాడు చుట్టుకుంటూ ఉండేవాడు. ఆ చప్పుడు నిజంగా వినపడలేదో, వినపడనట్టు ఉన్నాడో, అడగడానికి ఆడవాళ్ళిద్దరికీ మనసొప్పలేదు.

తొమ్మిదేళ్ళు అలా గడిపి, ఒక చలికాలంలో ఊపిరాడక పోయాడు. అప్పటికి చావులు రాయించాలని కొత్త నియమం వచ్చింది. ఆడవాళ్ళిద్దరూ ఆఫీసుకి వెళ్ళారు. టేబులు వెనక పాతికేళ్ళ గుమాస్తా, మనవాడే, చక్కటి చేతిరాత.

"ఆయన చేసే పనేంటమ్మా?"

"ఫిరంగి గురి చూసేవాడు బాబూ" అంది భార్య.

గుమాస్తా కలం ఆపి నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, పెద్దావిడ పొరబడిందనుకున్న నవ్వు. "మనవాళ్ళ చేతికి ఫిరంగి ఎవరిస్తారమ్మా? ఆ పని తెల్లవాళ్ళదే కదా మొదట్నించీ."

ఆవిడ వెంట తెచ్చిన, మూత బిగించని ఆ చెక్కపెట్టెలోంచి ముసలి దొర కాగితం తీసింది. తేమకి మడతల దగ్గర చిరిగి, సిరా మాసిపోయింది. గుమాస్తా వెలుగులోకి పట్టి చూసి, ఏమీ కనపడటం లేదని తిరిగిచ్చేశాడు. "ఎడ్లు తోలేవాడని రాస్తాను. సైన్యంవాళ్ళు పంపిన జాబితాలో ఆయన పేరు పక్కన అదే ఉంది."

అప్పటిదాకా గోడ దగ్గర నిలబడ్డ మరదలు ముందుకు వచ్చింది. ఏళ్ళ అలవాటు కొద్దీ గొంతు పెద్దదైపోయింది. ఆఫీసులో ఉన్నవాళ్ళంతా తల తిప్పి చూశారు.

"మా ఆయన ఉన్న కోట తలుపు పడగొట్టింది ఈయనే. ఎనిమిది వందల అడుగుల నుంచి. నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

గుమాస్తా ఏం చెయ్యాలో తెలియక చుట్టూ చూశాడు. వెనక ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు. కలం సిరాలో ముంచి, అనుకున్నదే రాసుకుని, తర్వాతివాళ్ళని పిలిచాడు.